ప్రాచీనమైనదెల్లా కాలం చెల్లినదా? – డోర్నకల్ చెప్పే సమాధానం

క్రైస్తవానికి కాలం చెల్లినదన్న ఆక్షేపణ కొత్తది కాదు. రెండువేల ఏళ్లనాటి విశ్వాసం విజ్ఞానయుగంలో ఎవరికి అక్కర అన్నది దాని సారాంశం. తెలుగునాట ఈ ప్రశ్నకు డోర్నకల్ చరిత్రలో ఒక సమాధానమున్నది.

1912 డిసెంబరు 29న కలకత్తాలో వేదనాయగం శామ్యూల్ అజరయ్య బిషప్పుగా అభిషిక్తులైనారు. ఆంగ్లికన్ సంఘంలో ఆ పదవి నందిన తొలి భారతీయుడు ఆయనే. తమిళుడైన అజరయ్య తెలుగు నేర్చి, నాటి నిజాం రాజ్యంలోని ఈ రైల్వే కూడలిని కేంద్రంగా చేసికొన్నారు. సంఘంలో చేరినవారిలో అత్యధికులు మాల, మాదిగలు. తరతరాలుగా చదువుకు దూరమైన వారికి అక్షరం అందినది. ఆరాధనలో తెలుగు కీర్తనలకు, భజనలకు చోటు దక్కినది. 1939లో ప్రతిష్ఠ జరిగిన అక్కడి ప్రధానాలయంలో హైందవ, మహమ్మదీయ శిల్పరీతులు కలగలిసినవి. ప్రాచీన విశ్వాసం ఈ నేల రూపు దాల్చినది.

అయితే కులభేదం సంఘంలోనూ పూర్తిగా సమసిపోలేదు. ఆక్షేపణకు నిజమైన బలం అక్కడే ఉన్నది. అణగారినవాని చేతికి పుస్తకమిచ్చినంత కాలం ఆ విశ్వాసం సమకాలీనమే. అతనిని వేరు పంక్తిలో కూర్చుండబెట్టిన నాడు దానికి తనంత తానే కాలం చెల్లును.