వినోదమునకు వెల

మనుష్యునకు అన్నవస్త్రములు ముఖ్యములనుటలో సందేహము లేదు. కాని పగలెల్ల కష్టించినవాడు రాత్రివేళ కొంతసేపు కథ వినవలెననియు, పాట వినవలెననియు, నలుగురితో గూడి నవ్వవలెననియు గోరుట స్వభావసిద్ధమే గాని దుర్వ్యసనము గాదు. భార్యాబిడ్డలతోను, వృద్ధులైన తల్లిదండ్రులతోను గూడి నాటకమునకో చలనచిత్రమునకో పోవుటకు నేడు పట్టు వ్యయము మధ్యతరగతి గృహస్థుని వెనుకకు లాగుచున్నది. కూలి చేసి బ్రతుకువానికి ఆ యాలోచననే రానీయకున్నది. ఈ విషయమును ముచ్చటించువారు సామాన్యముగా ధరలు పెరిగినవని మాత్రమే చెప్పి యూరకుందురు. ధర పెరుగని వస్తువేది? బియ్యము పెరిగినది, బట్ట పెరిగినది, కూలియు పెరిగినది. కావున అంతటితో దృష్టి నిలుపుట చాలదు. వినోదమునకు వెల పూర్వ మెవరిచ్చుచుండిరి? దాని నే లెక్కను ఇచ్చుచుండిరి? ఈ రెండు ప్రశ్నలను చరిత్రలో వెదకినగాని నేటి యిబ్బంది మనకు బోధపడదు.

పూర్వము మన గ్రామములలో తోలుబొమ్మలాటకు, వీథినాటకమునకు, యక్షగానమునకు, హరికథకు టిక్కెట్టు లేదు. అట్లని యవి యుచితముగా జరుగలేదు. ఊరివారు చందాలు వేసికొనుచుండిరి. కలిగినవారు ధాన్యము కొలిపించుచుండిరి. ఒకరు భోజనము పెట్టగా మరియొకరు దీపములకు ఆముదము పోయించుచుండిరి. తెలంగాణమున చిందు భాగవతులకు మాదిగవారు పోషకులు. ఆ పోషణము ఒకనాటి దయాధర్మము గాక, తరతరములుగా వచ్చుచున్న హక్కు. ఇట్లు వెల యంతయు ఊరిమీద బడుచుండెను గాని తలమీద బడుచుండలేదు. ఇంటిలో ఇద్దరు బిడ్డలున్నను ఎనమండుగురున్నను ఆట చూచుటకు తేడా లేదు. ముసలిది మంచముతో సహా వచ్చినను అడుగువాడు లేడు. కుటుంబమంతయు చాప చంకబెట్టుకొని వచ్చి తెల్లవారువరకు చూచి పోవుచుండెను.

అయినను పూర్వకాలమును బంగారుయుగమని కొనియాడుట చరిత్రకు ద్రోహము చేయుట. ఆ రచ్చబండ యొద్ద అందరును ఒక్కచోట గూర్చుండలేదు. అగ్రవర్ణములవారు ముందుండగా అస్పృశ్యులని చెప్పబడినవారు దూరముగా నిలుచుండి చూడవలసివచ్చెను. ఆటకు ధనమిచ్చినవానికి నచ్చినదే ఆట; జమీందారుని యింట మేజువాణి జరిగినచో అది వాని వైభవమును జాటుటకే గాని జనుల మనసులను వికసింపజేయుటకు గాదు. కందుకూరి వీరేశలింగము పంతులుగారు వేశ్యల మేజువాణులను నిరసించి యుద్యమించుటకు గారణము పాటయందు ద్వేషము గాదు. స్త్రీజాతిని అవమానించు వినోదము సంఘమునకు విషమని వారు గ్రహించిరి. ఊరి ధర్మముపైనను ప్రభువుల దయపైనను ఆధారపడిన వినోదమున విశాలత్వమున్నది. దాని ప్రక్కనే అణచివేతయు నున్నది. రెండింటిని జూచినవాడే న్యాయముగా తూచగలడు.

టిక్కెట్టు ఈ స్థితిని మార్చినది. 1880లో ధార్వాడ నాటకసమాజమువారు రాజమహేంద్రవరమునకు వచ్చి ఆడిరి; వీరేశలింగముగారు తమ విద్యార్థులచేత వ్యవహారధర్మబోధినిని ప్రదర్శింపజేసిరి. 1885లో కడప మండలమునందలి సురభి గ్రామమున వనారస గోవిందరావుగారు కీచకవధను ఆడించుటతో సురభి సమాజము పుట్టినది. కుటుంబమే సమాజమై, స్త్రీ పాత్రలను స్త్రీలే ధరించుచు, ఊరూర డేరాలు వేసి యాడిన యా సంస్థను తరతరములుగా నిలిపినది టిక్కెట్టు కొన్న సామాన్యజనులే. 1892లో విజయనగరమున కన్యాశుల్కము ప్రదర్శింపబడెను. తరువాత చలనచిత్రము వచ్చెను. రఘుపతి వెంకయ్యనాయుడుగారు మదరాసులో ప్రదర్శనశాలలు గట్టించిరి; 1921లో బెజవాడలో మారుతీ సినిమా వెలసెను; 1932లో భక్తప్రహ్లాదతో తెలుగుమాట తెరపై వినబడెను. పల్లెలకు డేరా టాకీసులు చేరెను.

ఈ డేరాలలోను, పట్టణముల హాళ్లలోను నేల, బెంచి, కుర్చీ, బాల్కనీ యని తరగతు లేర్పడెను. నేలటిక్కెట్టు కొన్నవాడు ఇసుకమీద గూర్చుండి తెర కెదురుగా నుండెడివాడు. కుర్చీవాడు వెనుక నుండెడివాడు. తరగతి యున్నమాట నిజమే. కాని ఆ తరగతిని నిర్ణయించినది కులము గాదు, అణాపైసలు. టిక్కెట్టు చించువాడు గోత్రము నడుగలేదు. గుడిలోనికి రానీయబడనివాడు, బావియొద్ద చేదకు దూరముగా నిలిచినవాడు, ఇచ్చట అందరితోబాటు ఒకే కప్పుక్రింద గూర్చుండి ఒకే కథకు కన్నీరు విడిచెను. ఇది సామాన్యమైన మార్పు గాదు. ఉపన్యాసములవలన తెగని కట్టు కొన్ని నాణెములవలన తెగినది. మరియు కుర్చీకి బాల్కనీకి ఎక్కువ యిచ్చినవారి సొమ్ము ప్రదర్శనశాల వ్యయమును చాలవరకు మోయుచుండుటచేత, నేలవానికి తక్కువ ధరకే ఆట లభించెను. ఊరిచందాలోని ధర్మమొకటి ఈ తరగతుల లెక్కలో చాటుగా నిలిచియుండెను.

అయితే టిక్కెట్టుతోడనే మరియొకటి వచ్చినది. అదే తలలెక్క. వెల ఇకమీద ఊరిది గాదు, ఇంటిది. ఇంటిది మాత్రమే గాక ఒక్కొక్క మనిషిది. బిడ్డ యొకటి పుట్టినచో ఆట వెల యొకటి పెరుగును. ధర స్వల్పమైనంతకాలము ఈ దోషము కనబడలేదు.

ఇంతలో ప్రభుత్వము చేయి చాచెను. ఇంగ్లండులో 1916లో యుద్ధవ్యయముకొరకని వినోదములపై పన్ను వేసిరి. యుద్ధము ముగిసినను పన్ను 1960 వరకు ముగియలేదు. మదరాసు రాజధానిలో 1926లో స్థానిక సంస్థల కీ యధికారమిచ్చు చట్టమును, 1939లో మరియొక చట్టమును వచ్చెను. 1935 నాటి భారత ప్రభుత్వ చట్టములో వినోదపు పన్నును విలాసములతోను, పందెములతోను, జూదముతోను ఒకే పద్దులో చేర్చిరి. తరువాత మన రాజ్యాంగమునను ఆ పద్దు అట్లే నిలిచినది. శాసనకర్తల దృష్టిలో పేదవాడు చూచు నాటకము జూదమునకు సోదరి యైనది! 2017 జూలై 1వ తేదీనుండి వస్తుసేవల పన్ను వచ్చి, నూరు రూపాయలకు మించిన టిక్కెట్టుపై నూటికి 28, అంతకు లోబడినదానిపై 18 విధించిరి. 2019లో అవి 18, 12 అయినవి. 2025 సెప్టెంబరులో చిన్న టిక్కెట్టుపై పన్నును 5కు దించిరి. ఇది మెచ్చదగినదే, కాని నూరు రూపాయలకు లోబడిన టిక్కెట్టు పట్టణములలో అరుదగుచున్నప్పుడు ఆ దయ యెందరికి ముట్టును?

ఏలయనగా నడుమ ప్రదర్శనశాల స్వరూపమే మారినది. 1997లో ఢిల్లీలో మొదలైన మల్టీప్లెక్సు పద్ధతి త్వరలోనే మన నగరములకును వచ్చెను. ఇందు వేయిమంది గూర్చుండు ఒక్క హాలునకు బదులు చిన్నచిన్న శాలలు పెక్కులుండును. నేల లేదు, బెంచి లేదు, అన్నియు కుర్చీలే. సమానత్వము వచ్చెనని సంతోషింపబోకుడు. అడుగు మెట్టును తీసివేసి అందరిని పైమెట్టుననే నిలుచుండుమనుట సమానత్వము గాదు. పైమెట్టు నెక్కలేనివానిని వెలుపల నుంచుటయే యగును. తెలంగాణ ప్రభుత్వము 2021 డిసెంబరులో మల్టీప్లెక్సులలో సామాన్యాసనమునకు కనిష్ఠము 100 రూపాయలు, గరిష్ఠము 250 రూపాయలు, పన్ను అదనముగా నిర్ణయించెను. గరిష్ఠ ధరకు నూటికి 18 పన్ను చేర్చగా 295 రూపాయలు. అయిదుగురు గల కుటుంబమునకు 1475 రూపాయలు. 2024-25లో గ్రామీణ ఉపాధి హామీ పనిలో మన రెండు రాష్ట్రములలోను దినకూలి 300 రూపాయలు. అనగా ఒక్క ఆటకు సుమారు అయిదు దినముల కూలి! రాకపోకల వ్యయమును, లోపలి తినుబండారములను ఇంకను లెక్కింపలేదు. వెలుపలి ఆహారమును రానీయకుండుటకు యజమానులకు హక్కున్నదని 2023 జనవరిలో సుప్రీంకోర్టు తీర్పు చెప్పెను. మంచినీటిని మాత్రము ఉచితముగా నీయవలెనని చెప్పెను. చట్టము మాట యట్లుండనిండు. ఆకలియని యేడ్చు పసిబిడ్డను ఒడిలో నుంచుకొన్న తల్లికి ధరలపట్టిక యెదుట బేరమాడు శక్తి యెక్కడిది?

ఇప్పుడు చదువరులు తమ యిండ్లనే చూచుకొనవలెను. వెల తలకింత యైనప్పుడు, సొమ్ము చాలనప్పుడు, ఏ తల తగ్గింపబడుచున్నది? సంపాదించు పురుషుడు తన మిత్రులతో బోవును. యువకుడు తన యభిమాన నటుని చిత్రము మొదటిదినముననే చూడవలెనని హెచ్చు ధర పెట్టును. నాకు తలనొప్పిగా నున్నది, మీరు పోయి రండని చెప్పునది ఇల్లాలు. కన్నులు సరిగా కనబడవని చెప్పి వెనుకకు దగ్గునది అత్తగారు. పరీక్షలున్నవని ఆపబడునది ఆడపిల్ల. ఎవరును వీరిని నిషేధింపలేదు, లెక్కయే నిషేధించినది. స్త్రీలు నలుగురిలోనికి రావలెనని, విద్యావినోదములయందు పాలు పంచుకొనవలెనని మన పెద్దలు పడిన శ్రమను ఈ నిశ్శబ్దమైన లెక్క కొంచెము కొంచెముగా చెరిపివేయుచున్నది. నాణెము త్రోసివేసిన గోడను ఇప్పుడు నోటు మరల గట్టుచున్నది.

దీనికి మందేమి? ధరలను ఉత్తరువుచేత దించుట యొక మార్గము. ఆంధ్రప్రదేశ ప్రభుత్వము 2021 ఏప్రిలులో ఆ పని చేసెను. గ్రామపంచాయతీలలో చల్లదనపు యంత్రము లేని హాళ్లలో చిన్న టిక్కెట్టు 5 రూపాయలని విధించెను. ఉద్దేశ మెట్టిదైనను ఆ ధరకు దీపముల ఖర్చును రాదని పెక్కు ప్రదర్శనశాలలు తలుపులు మూసికొనెను. వ్యాజ్యములు హైకోర్టు కెక్కెను. తుదకు 2022 మార్చిలో 20 రూపాయలు మొదలు 250 రూపాయలవరకు క్రొత్త ధరలు వచ్చెను. మూసిన హాలులో చౌక టిక్కెట్టువలన లాభమేమి? జనులు తిరుగబడుట రెండవ మార్గము. లండనులో కావెంట్ గార్డెన్ నాటకశాల 1808లో కాలిపోగా మరల గట్టి, 1809 సెప్టెంబరులో తెరచినప్పుడు క్రింది యాసనమునకు మూడున్నర షిల్లింగుల ధరను నాలుగు చేసిరి. పెట్టెగదులకు ఆరును ఏడు చేసిరి. జనులు 67 రాత్రులు కేకలు వేసి, గంటలు మ్రోగించి నాటకము సాగనీయరైరి. తుదకు యజమానులు దిగివచ్చి క్రిందియాసనపు పాతధరను నిలిపిరి. పెట్టెగదులవారు ఏడు షిల్లింగులే యిచ్చిరి. చౌక యాసనమును కాపాడుట యందరి హక్కు, హెచ్చు సుఖమునకు హెచ్చు వెల న్యాయమే యను నీతి యిందున్నది. కాని అల్లరి నిత్యమార్గము గాజాలదు.

మూడవ మార్గము వెలను మరల సంఘము మోయుట. ప్రాచీన ఏథెన్సు నగరమున పౌరులు నాటకములు చూచుటకై ప్రజాధనమునుండి రెండు ఓబోలుల చొప్పున పంచిపెట్టుచుండిరి. శత్రువు మీదికి వచ్చినప్పుడు ఆ ధనమును యుద్ధమునకు మరల్పవలసివచ్చినది నిజమే. అయినను పేదపౌరుడు నాటకము చూచుట నగరము యొక్క పని యని వారెంచిరి. ఇది మనకు క్రొత్తగాదు. 1914లో బెజవాడలో అయ్యంకి వెంకటరమణయ్యగారు మొదలగువారు నెలకొల్పిన గ్రంథాలయోద్యమము చేసినదేమి? పుస్తకము కొనలేనివానికి ఊరే పుస్తకము కొనిపెట్టినది. 1948 నాటి మదరాసు గ్రంథాలయ చట్టము ఇంటిపన్నుతో స్వల్పమైన గ్రంథాలయపన్నును చేర్చి ఆ ధర్మమును శాసనము చేసినది. 1975-76లో ఆకాశమార్గమున దూరదర్శన ప్రసారములు ఆరు రాష్ట్రములలోని 2400 గ్రామములకు పంపబడినప్పుడు, మన రాష్ట్రపు పల్లెలును అందులో నుండెను. ఊరికొక్క పెట్టె, దాని ముందు ఊరందరు. మూడు చోట్లను సూత్ర మొక్కటే: తలలెక్క లేదు.

2016 నాటి రాజ్యాంగ సవరణము వినోదపు పన్నును స్థానిక సంస్థలకే విడిచినది. ఆ పన్ను వసూలగు చోట్ల అందులో భాగమైనను నాటకమందిరములకును, బాలల ప్రదర్శనములకును వినియోగింపుమని పురపాలకసంఘములను అడుగు హక్కు పౌరులకు గలదు. పాఠశాలల మైదానములు సాయంకాలమున ఖాళీగా నుండును. నెల కొకసారి సురభివారి నాటకమో, హరికథయో, బుఱ్ఱకథయో అచ్చట పెట్టించుట ఊరివారి చందాకు మించినది గాదు. ప్రదర్శనశాలల యజమానులు ముందువరుసలను కొన్నింటినైనను చౌకగా నుంచి, పిల్లలకు సగము ధర చేసినచో, ఖాళీ కుర్చీలతో ఆడించుటకంటె నష్టముండదు.

గృహస్థుల వంతు వేరు. ఇంటి నెలలెక్కలో బియ్యమునకు, బడికి, వైద్యమునకు పద్దు లుండగా, అందరును గలిసి పొందు వినోదమునకు చిన్న పద్దైనను వ్రాయుట యుచితము. అందరికిని చాలనినాడు ఒకరినే పంపుటకంటె, అందరును పోదగిన చోటును వెదకుట మేలు. చేతిలోని చిన్నతెరతో ఇంటిలో నలుగురు నాలుగు మూలల నవ్వుచున్నచో ఖర్చు తగ్గునేమో గాని, అది తోలుబొమ్మలాటనాటి చాపకు సాటి రాదు. చాపపై ముసలిదానికి చోటుండెను. ఆ చోటు నేడు మన పద్దులలో నున్నదో లేదో ప్రతి గృహస్థుడును విచారించుకొనవలెను.