టాటా అమ్మాయి

టాటానగర్ స్టేషన్ బయట ఆటో మాట్లాడుకోండి. జంషెడ్‌పూర్ అనే పొడుగు పేరు ఉత్తరాల మీదే. నోటికి మాత్రం ఊరు ‘టాటా’, ఉక్కు కార్ఖానా ‘కంపెనీ’. శ్రీకాకుళం, విజయనగరం వైపు నుంచి పొట్ట చేతపట్టుకుని వచ్చినవాళ్ల మనవలూ అలాగే అంటారు. బిష్టుపూర్‌లో తెలుగువాళ్ల రామమందిరం ముందు దిగుదాం. తొంభైల మొదట్లో ఒక సాయంత్రం అనుకోండి. ఉన్నట్టుండి ఆకాశం సగం నారింజ రంగుకు తిరుగుతుంది. ఎక్కడో కొంపలంటుకున్నాయని మీరు ఉలిక్కిపడతారు. పక్కన బఠాణీలు నములుతున్న పెద్దాయన తలైనా ఎత్తడు. కొలిమిలోంచి తీసిన చిట్టెం, ఇంకా కుతకుతలాడుతుండగానే గుట్ట మీద పారబోస్తున్నారు, అంతే. స్లాగ్ అంటారు కంపెనీవాళ్లు.

ఈ ఊళ్లోనే ఒక ఇంటి గుమ్మం దగ్గర ఆగండి. లోపలికి వద్దు, సాధన చెడుతుంది. వెంకటరావు గారు కూతురికి స్వరాలు చెబుతున్నారు. ఆయనకు సంగీతంలో డిగ్రీ ఉంది. పాప పేరు అపేక్ష, 1984 ఏప్రిల్‌లో పుట్టింది. పగలు లిటిల్ ఫ్లవర్ స్కూలు, తర్వాత లొయోలా. కళకు దగ్గరగా ఉందని ఆమె శిల్ప అన్న పేరు పెట్టుకుంది. ఆ మార్పు నాకు భలే నచ్చుతుంది: అపేక్ష కోరుకోవడం, శిల్పం చెక్కుకోవడం.

పదమూడో ఏట గాయకుడు హరిహరన్‌ను కలిసింది. ఇక పాటే అనుకుంది. ఉస్తాద్ గులాం ముస్తఫా ఖాన్ దగ్గర నేర్చుకుంది. 2004లో ముంబైలో స్థిరపడింది. చదివింది మాత్రం స్టాటిస్టిక్స్, అదీ పీజీ దాకా!

ఇప్పుడు ముంబైలో ఒక రికార్డింగ్ గది. అద్దం అవతల ఇంజనీరు, ఇవతల హెడ్‌ఫోన్లు, మైకు, ఏసీ చలి. చేతిలో సినిమా పాట లేదు, వ్యాపార ప్రకటన ఉంది. అర నిమిషంలో వినేవాడికి నోరూరాలి. మూడేళ్లు ఇదే పని. ఇలాంటి చోట గొంతు నీళ్లు నమలదు, నమిలితే ఇంకొకరిని పిలుస్తారు. 2007లో వచ్చిన ‘అన్వర్’ సినిమా కోసం సంగీత దర్శకుడు మిథున్ పిలిచాడు. మరుసటేడు ‘ఖుదా జానే’ పాట. సన్నగా, పైపైకి ఎగిరే ఆడగొంతులకు అలవాటుపడ్డ చెవులకు ఈ గొంతు కొత్త. అడుగున బరువు, అంచున కాస్త గరుకు. ఇనుప ఊరి గొంతు అనాలనిపిస్తుంది గానీ, అది మరీ సులువైన పోలిక.

2021లో ఆమె పెళ్లాడింది ఒక ఫొటోగ్రాఫర్‌ని. అయినా మనలో చాలామందికి చాలాకాలం ఆమె మొహం తెలీదు. ఆమె పాడిన ‘ఖుదా జానే’కూ, ‘బేషరమ్ రంగ్’కూ తెర మీద నటి దీపిక. తెలుగు పాట ‘చుట్టమల్లే’కు జాన్వి.

ఆ లోటు తీరిన రాత్రికి వద్దాం. 2025 ఫిబ్రవరి, బెంగళూరు. మెడలు నిక్కించి చూసేంత జనం. వేదిక మీద గిటారుతో ఇంగ్లండు గాయకుడు ఎడ్ షీరన్. పక్కకు శిల్పా రావు వచ్చి నిలబడింది. అందుకున్నది ‘దేవర’ సినిమాలోని ఆ ‘చుట్టమల్లే’ పాటే, అనిరుధ్ బాణీ, రామజోగయ్య శాస్త్రి మాట. షీరన్ తెలుగు పలుకుతున్నాడు! ఒత్తులు అటూ ఇటూ పోతున్నాయి, ఎవరికి పట్టింది? మీ పక్కనున్న కుర్రాడు ఫోను పైకెత్తి, రికార్డు చేయడం మరిచి పాడేస్తున్నాడు. ఆమె మాత్రం తొణకదు. పాట అతని చేతికి వదిలి, జారిపోయేచోట మెల్లగా పట్టుకుంటోంది.

అదే ఏడు సెప్టెంబరు 23, ఢిల్లీ విజ్ఞాన్ భవన్. ‘జవాన్’ సినిమాలో ‘చలేయా’ పాటకు శిల్పకు జాతీయ అవార్డు. పేరు పిలిచారు, చప్పట్లు. ఇస్తున్నది రాష్ట్రపతి ద్రౌపదీ ముర్ము. ఆవిడది ఒడిశాలోని రాయ్‌రంగ్‌పూర్ ప్రాంతం. అక్కడ బాదంపహాడ్ లైను రైలెక్కితే, ఒక చివర దిగేది టాటాలోనే.