ది లెజెండ్ ఆఫ్ కాగే

ది లెజెండ్ ఆఫ్ కాగే జపాను దేశానికి చెందిన టైటో సంస్థ 1985లో విడుదల చేసిన వీడియో గేమ్. దీని జపనీయ నామం కాగే నో దెన్సెత్సు. జపనీయ భాషలో "కాగే" అనగా నీడ. కథానాయకుని పేరు కూడా అదే. ఇది పక్కకు జరిగే తెర కలిగిన కత్తియుద్ధపు ఆటల కోవకు చెందినది. అనగా ఆటగాడు ముందుకు సాగేకొద్దీ వెనుక ఉన్న దృశ్యం పక్కకు జరుగుతూ ఉంటుంది, పాత్రలన్నీ పక్కనుండి చూసినట్లుగా కనిపిస్తాయి. మొదట నాణెం వేసి ఆడే యంత్రాల కోసం తయారైన ఈ ఆట 1986లో జపానులోని నింటెండో ఫామికామ్‌కు, 1987లో అమెరికాలోని ఎన్.ఇ.ఎస్.కు వచ్చింది. తన కాలపు ఆటలలో ఇది సాధారణ స్థాయి ఆట మాత్రమే. కానీ 1990లలో భారతదేశంలో అమ్ముడైన అనుకరణ యంత్రాలు, కేసెట్ల ద్వారా, పేరు కూడా తెలియకుండానే ఇక్కడి పిల్లలు ఆడిన ఆటలలో ఇది ఒకటి.

కథ

ఇగా ప్రాంతానికి చెందిన యువ నింజా కాగే. షోగన్ (సైనిక పాలకుడు) కుమార్తె అయిన రాకుమారి కిరిని దుష్టులు అపహరిస్తారు. ఆమెను విడిపించి తీసుకురావడమే కాగే కర్తవ్యం. అతని వద్ద కొదాచి అనే పొట్టి కత్తి, ఎన్ని విసిరినా తరగని షురికెన్‌లు (విసిరే చిన్న ఇనుప ఆయుధాలు) ఉంటాయి.

ఆడే విధానం

ఆట అడవిలో మొదలవుతుంది. ఆ తరువాత రహస్య మార్గం, కోటగోడ, కోట లోపలి భాగం వస్తాయి. కోటగోడ ఎక్కేటప్పుడు మాత్రం దృశ్యం పక్కకు కాక పైకి సాగుతుంది. దూరాన ఉన్న శత్రువులపై షురికెన్‌లు విసరాలి, దగ్గరకు వచ్చినవారిని కత్తితో ఎదుర్కోవాలి. శత్రువులు విసిరే ఆయుధాలను కూడా కత్తితో అడ్డుకోవచ్చు. అడవిలో నోటినుండి నిప్పులు కక్కే సన్యాసులు ఎదురవుతారు.

ఆటలో అన్నిటికన్నా ప్రత్యేకమైనది కాగే గెంతు. అతడు ఒక్క గెంతులో చెట్ల కొమ్మలను దాటి ఆకాశంలోకి ఎగురుతాడు, గాలిలో ఉండగానే పోరాడతాడు. రాకుమారిని ఒకసారి విడిపించగానే ఆట ముగియదు. ఆమె మళ్ళీ అపహరణకు గురవుతుంది, ఋతువు మారుతుంది. వేసవి పోయి శరత్తు, శరత్తు పోయి శీతకాలం, ఆపై తిరిగి వేసవి వస్తాయి. దృశ్యాల రంగులు మారినా దారి మాత్రం అదే.

గుణదోషాలు

ఈ ఆటలోని లోపాలకు మూలం నాణెపు యంత్రాల వ్యాపారంలో ఉంది. అటువంటి యంత్రం వద్ద ఆట ఎంత త్వరగా ముగిస్తే యజమానికి అంత రాబడి. అందువలన యంత్రంపై ఆటలో ఒక్క దెబ్బకే కాగే ప్రాణం పోతుంది. దృశ్యాలు కొన్నే ఉంటాయి, అవే తిరిగి వస్తాయి. నాలుగైదు నిమిషాల ఆటకు ఈ పద్ధతి సరిపోతుంది. కానీ డబ్బు పెట్టి కేసెట్ కొని ఇంటిలో గంటల తరబడి ఆడేవారికి అదే విసుగు పుట్టిస్తుంది. ఎత్తయిన గెంతు చూడడానికి అందంగా ఉన్నా, ఒకసారి ఎగిరిన తరువాత ఎక్కడ దిగాలో నిర్ణయించుకోవడం కష్టం. కత్తియుద్ధంలో ఎత్తులకు పైఎత్తులు వేసే అవకాశం తక్కువ, మీట వరుసగా నొక్కడమే ఎక్కువ.

ఆంధ్ర ప్రాంతంలో

ఫామికామ్ 1983లో జపానులో విడుదలయింది. అమెరికాలో అమ్మిన ఎన్.ఇ.ఎస్.లో అనుమతి లేని కేసెట్లను నిరోధించే ప్రత్యేక చిప్ ఉండేది. ఫామికామ్‌లో అది లేదు. ఈ కారణంగా దాని అనుకరణలు, నకలు కేసెట్లు ఆసియా దేశాలలో విస్తారంగా తయారయ్యాయి. ఇవి భారతదేశానికి కూడా చేరాయి. విజయవాడ వంటి నగరాలలోని మధ్యతరగతి ఇళ్ళలో టీవీకి తగిలించి ఆడే "వీడియో గేమ్" అంటే ఆ రోజులలో సాధారణంగా ఇటువంటి యంత్రమే.

ఒకే కేసెట్‌లో అనేక ఆటలు ఇవ్వడం ఈ వ్యాపారంలోని కిటుకు. ఫామికామ్ తొలి సంవత్సరాలలో వచ్చిన ఆటలు పరిమాణంలో చిన్నవి కనుక ఒకే చోట సులభంగా ఇమిడేవి. పైన వేలు, లక్షల ఆటలని ముద్రించినా లోపల ఉండేవి కొన్నే, అవే వేర్వేరు పేర్లతో మళ్ళీ మళ్ళీ కనిపించేవి. లెజెండ్ ఆఫ్ కాగే ఇటువంటి కేసెట్లలో తరచుగా చోటు చేసుకున్న ఆట. ఎంతో పేరున్న ఆటలతో సమానంగా ఒక సాధారణమైన ఆట పిల్లలకు చేరడానికి కారణం ఇదే. నకలు కేసెట్లలో తయారీదారు పేరు, విడుదలైన సంవత్సరం తొలగించడం మామూలు. ఆడే విధానం తెలిపే పుస్తకమూ ఉండేది కాదు.

అయినా తెలుగు పిల్లలకు కథ అర్థం చేసుకోవడం కష్టం కాలేదు. దుష్టుడు రాకుమారిని ఎత్తుకుపోవడం, వీరుడు కత్తి పట్టి వెళ్ళి ఆమెను విడిపించడం తెలుగు జానపద చిత్రాలలో అలవాటైన ఇతివృత్తం. పాతాళభైరవి (1951)లో నేపాళ మాంత్రికుడు రాకుమారిని అపహరిస్తే తోటరాముడు ఆమెకోసం వెళతాడు. కత్తియుద్ధాలకు పేరొందిన కాంతారావును ప్రేక్షకులు "కత్తి కాంతారావు" అని పిలుచుకున్నారు. ఈ కేసెట్లు అమ్ముడవుతున్న కాలంలోనే, 1994లో, భైరవద్వీపం విడుదలై జానపద చిత్రాలను కొత్త తరానికి పరిచయం చేసింది. చలనచిత్ర పంపిణీకి ప్రధాన కేంద్రమైన విజయవాడకూ, కృష్ణా డెల్టా పట్టణాలకూ ఈ కోవ కథలు కొత్తవి కావు.

తరువాతి రూపాలు

ఇంగ్లండులో ప్రచారంలో ఉన్న జెడ్.ఎక్స్. స్పెక్ట్రమ్, కమడోర్ 64 వంటి ఇంటి కంప్యూటర్లకు కూడా ఈ ఆట రూపాంతరాలు వెలువడ్డాయి. 2005లో టైటో సంస్థ స్క్వేర్ ఎనిక్స్ ఆధీనంలోకి వచ్చింది. 2008లో నింటెండో డి.ఎస్. కోసం లెజెండ్ ఆఫ్ కాగే 2 విడుదలయింది. మొదటి ఆటలో మెప్పు పొందిన ఎత్తయిన గెంతునే ఇందులోనూ ప్రధానాంశంగా నిలిపారు.

ప్రాముఖ్యత

వీడియో గేమ్‌ల చరిత్రలు ఎక్కువగా గొప్ప ఆటల గురించి, అవి అధికారికంగా అమ్ముడైన దేశాల గురించి చెబుతాయి. ఆ లెక్కలలో నకలు కేసెట్లు కనిపించవు కనుక భారతదేశం కూడా దాదాపు కనిపించదు. ఇక్కడి పిల్లలు నిజంగా ఏమి ఆడారో తెలుసుకోవాలంటే లెజెండ్ ఆఫ్ కాగే వంటి సాధారణ ఆటలను కూడా పరిశీలించవలసి ఉంటుంది. పాత కేసెట్లపై అంటించిన కాగితాలు, ఆటల పట్టికలు ఈ విషయంలో ఉపయోగపడే ఆధారాలు.