ఆగని గింజ: అడవి చరిత్రలో మన నేరేడు



జల్, జంగిల్, జమీన్ అనంగనే మనకు కుమ్రం భీం, 1940 జోడేఘాట్ యాదికొస్తయి. ఈసారి ఆ జంగిల్ చరిత్రను గింజ వైపు నుంచి చూద్దాం.

బ్రిటిషోళ్లకు ఓడలు కట్టడానికి టేకు కావాల్సి వచ్చింది. 1840లలో మలబార్ కలెక్టర్ కొనొల్లీ నీలంబూర్‌లో టేకు తోట పెట్టించిండు. మొదట్లో గింజలు సరిగా మొలవలేదు. చాతు మీనన్ అనే అక్కడి అధికారి పట్టుబట్టి మొక్కలు పెంచిండు. టేకు గింజ పెంకు గట్టిది. నానబెట్టి, ఎండబెట్టి, మళ్లీ నానబెడితే మొలుస్తది. నెలల తరబడి నిల్వ ఉంటది, మూటగట్టి ఎంత దూరమైనా పంపొచ్చు. అటవీ శాఖలు టేకు వెంట పడటానికి కలప ధరతో పాటు ఈ సౌకర్యం కూడా కలిసొచ్చిందని నేను అనుకుంటున్న.

నేరేడు అట్ల కాదు. ఏడాదంతా పచ్చగుండే మన సొంత చెట్టు, వాగు ఒడ్డున బాగా పెరుగుతది. కానీ దాని గింజ ఎండితే చచ్చిపోతది. పండు రాలిన కొద్ది వారాల్లోనే మట్టిలో పడాలె. వేప గింజ కూడా ఎక్కువ రోజులు ఆగదు. వీటికి గోదాం పనికిరాదు, పండు రాలేటప్పుడు చెట్టు కింద మనిషి ఉండాలె. ఆ మనుషులు మన తాతలు, అవ్వలు. అడవిని రిజర్వు చేసి వాళ్లను బయటికి పంపినప్పుడు పోడు భూమితో పాటు ఆ ఎరుక కూడా దూరమైంది.

2015 జులై 3న హరితహారం మొదలైంది. ఊరూరా నర్సరీలు వచ్చినయి, మంచిదే. కానీ పట్టణాల రోడ్ల మధ్య కోనోకార్పస్ కూడా పెట్టిండ్రు. అది కూడా ఎప్పుడూ పచ్చగనే ఉంటది, కొమ్మ నాటితే తొందరగా పెరుగుతది. కానీ మన దేశపు చెట్టు కాదు, పిల్లలు తినే పండు ఇయ్యదు. అదే కాలంలో ఖమ్మం జిల్లా రెడ్డిపల్లి వనజీవి రామయ్య గారు భార్య జానమ్మ గారితో కలిసి గింజలు ఏరి, సైకిల్ మీద తిరిగి చల్లుకుంట పోయిండ్రు. 2017లో పద్మశ్రీ వచ్చింది. 2025 ఏప్రిల్‌లో కన్నుమూసిండ్రు.

2006 అటవీ హక్కుల చట్టం అంటే మనం పట్టాల గురించే మాట్లాడుకుంటం. సామూహిక అడవిని కాపాడే, మళ్లీ పెంచుకునే హక్కు కూడా అందులోనే ఉంది. భూపాలపల్లి, మహబూబాబాద్ దిక్కు అడవి ఉన్నోళ్లకు అది పనికొస్తది. మా నర్మెట్ట దిక్కు తండాలకు చెరువు కట్టలు, గుట్టల అంచులు ఉన్నయి.

చిక్కేందంటే, నేరేడు రాలేది, మనం హాస్టళ్లకు పోయేది ఒకటే కాలం. అందుకే పోయే ముందే ఈ పని చేయాలె. పండు గుజ్జు కడిగి, గింజను ఎండకు పెట్టకుండా, నీడలో తడి ఆరంగనే సంచి మట్టిలో రెండు సెంటీమీటర్ల లోతున పెట్టాలె. ఒక్క గింజ నుంచి రెండు మూడు మొలకలు కూడా వస్తయి. నీళ్లు పోసే పని ఇంటికాడ తమ్ముడికో చెల్లెకో చెప్పి రావాలె. వచ్చే ఏడు వానలకు అవి నాటే మొక్కలైతయి.