మరుగున పడ్డ నల్ల చరిత్ర – 6: సీట్లోంచి లేవని పదిహేనేళ్ళ పిల్ల



మొన్న డిగ్రీ రెండో సంవత్సరం క్లాసులో దళిత సాహిత్యం చెబుతూ ఒక ప్రశ్న అడిగాను. "అమెరికాలో తెల్లవాళ్ళకి బస్సులో సీటివ్వనన్న నల్లజాతి మహిళ ఎవరు?" ఐదారుగురు ఒకేసారి "రోజా పార్క్స్ సార్" అన్నారు. సంతోషం వేసింది. "అంతకు తొమ్మిది నెలల ముందు, అదే ఊళ్ళో, అదే పని చేసి జైలుకెళ్ళిన పిల్ల ఎవరు?" అన్నాను. ఎవరూ మాట్లాడలేదు.

ఆ పిల్ల పేరు క్లాడెట్ కోల్విన్. ఈ వారం ఆమె గురించే.

1955 మార్చి 2. అలబామా రాష్ట్రంలోని మాంట్‌గోమరీ. పదిహేనేళ్ళ క్లాడెట్ బడి వదిలాక బస్సెక్కింది. ముందు సీట్లు తెల్లవాళ్ళవి, వెనక సీట్లు నల్లవాళ్ళవి. ముందు సీట్లు నిండిపోయాయి. ఒక తెల్లామె నిలబడి ఉంది. క్లాడెట్ వరసలో ఉన్న నలుగురు నల్ల పిల్లల్నీ లేవమన్నాడు డ్రైవరు. ఒక్క మనిషి కూర్చోడానికి నలుగురెందుకు లేవాలి? తెల్లవాళ్ళు కూర్చున్న వరసలో, నడవకి అవతల పక్కన కూడా నల్లవాళ్ళు కూర్చోకూడదు కాబట్టి. రెండు గ్లాసుల హోటళ్ళు చూసిన మనకి ఈ లెక్క విడమరిచి చెప్పక్కర్లేదు.

ముగ్గురు లేచారు. క్లాడెట్ లేవలేదు. పోలీసులొచ్చి లాగారు. టికెట్ డబ్బులు కట్టాను, ఇది నా రాజ్యాంగ హక్కు అని అరుస్తూనే ఉంది. చేతులకి బేడీలేసి, పెద్దవాళ్ళని పెట్టే జైల్లో వేశారు.

ఆ వయసులో అంత తెగువ ఎక్కడిది? తెలుగు పాఠాలు చెప్పుకు బతికే నాకు ఇక్కడ ఆగాలనిపిస్తుంది. అంతకు ముందు ఫిబ్రవరి నెలంతా ఆమె బళ్ళో నల్లజాతి చరిత్ర పాఠాలు నడిచాయి. బానిసల్ని తప్పించి స్వేచ్ఛా రాష్ట్రాలకి నడిపించిన హారియట్ టబ్‌మన్, ఊరూరా తిరిగి మాట్లాడిన సోజర్నర్ ట్రూత్. వాళ్ళిద్దరూ చెరో భుజం మీద చెయ్యి వేసి తనని సీట్లో అదిమి కూర్చోబెట్టినట్టుందని క్లాడెట్ తర్వాత చాలాసార్లు చెప్పింది. పాఠం ఒక పిల్లని ఇలా కూర్చోబెట్టగలదు. ఇంకో సంగతి కూడా ఆమెని కాల్చేస్తూ ఉంది. ఆమె బళ్ళోనే చదివే జెరెమయా రీవ్స్‌ని తెల్లామెని చెరిచాడన్న ఆరోపణ మీద 1952లో పట్టుకున్నారు. అప్పటికి అతనికి పదహారేళ్ళు. అందరూ తెల్లవాళ్ళే ఉన్న జ్యూరీ మరణశిక్ష వేసింది. 1958లో చంపేశారు.

మరి క్లాడెట్ కోసం ఊరు ఎందుకు కదల్లేదు?

కేసు వైపు నుంచి ఒక కారణం ఉంది. అప్పీలులో సీట్ల వేర్పాటు చట్టం ఉల్లంఘించిందన్న అభియోగాన్ని తీసేసి, పోలీసుల మీద చెయ్యి చేసుకుందన్నది ఒక్కటే ఉంచారు. అలాంటి కేసుతో ఆ చట్టాన్ని సవాలు చేయడం కష్టం. కానీ అదొక్కటే కారణం కాదు. చిన్నపిల్ల, ఆవేశపరురాలు అన్నారు. ఉండేది కింగ్ హిల్ అనే పేదల పేట. తల్లి ఇళ్ళల్లో పనికి పోతుంది, తండ్రి తోటల్లో గడ్డి కోస్తాడు. తన ఒంటి నలుపు కూడా అడ్డొచ్చిందని ఆమే చెప్పింది. పెళ్ళి కాకుండా గర్భవతి అయింది కాబట్టి పక్కన పెట్టారని చాలామంది రాస్తారు. తేదీలు చూడండి. నాయకులు వెనకాడిన నాటికి ఆ గర్భమే లేదు. అది తర్వాత వచ్చింది, వాళ్ళ నిర్ణయానికి సాకుగా పనికొచ్చింది.

రోజా పార్క్స్‌ని తక్కువ చేయడానికి ఇదంతా చెప్పడం లేదు. "పని చేసి అలసిపోయిన దర్జీ ఆమె, అందుకే లేవలేదు" అన్న కథ ఆమెకీ అన్యాయమే చేసింది. 1943 నుంచే ఆమె ఎన్.ఏ.ఏ.సి.పి. స్థానిక శాఖ కార్యదర్శి. 1944లో రెసీ టేలర్ అనే నల్లజాతి స్త్రీ మీద అత్యాచారం జరిగితే నిజం కూడగట్టడానికి వెళ్ళిన మనిషి. ఆమె నడిపిన యువజన బృందంలోకే క్లాడెట్ వచ్చేది. వాళ్ళిద్దరి మధ్యా పోటీ లేదు. ఆ పోటీ పెట్టింది చరిత్ర రాసినవాళ్ళు.

1955 డిసెంబర్ 1న పార్క్స్ అరెస్టయ్యారు. 5 నుంచి బస్సుల బహిష్కరణ మొదలై 381 రోజులు నడిచింది. మన పల్లెల్లో వెలివేసేది వాళ్ళు, వెలిపడేది మనం. మాంట్‌గోమరీలో బాధితులే బస్సు కంపెనీని వెలివేశారు.

కానీ చట్టాన్ని కూల్చిన కేసు పార్క్స్‌ది కాదు. 1956 ఫిబ్రవరి 1న లాయర్ ఫ్రెడ్ గ్రే ఫెడరల్ కోర్టులో బ్రౌడర్ వర్సెస్ గేల్ అనే కేసు వేశారు. చివరిదాకా నిలబడ్డ ఫిర్యాదుదారులు నలుగురు, నలుగురూ ఆడవాళ్ళే: ఆరీలియా బ్రౌడర్, సూసీ మెక్‌డొనాల్డ్, మేరీ లూయిస్ స్మిత్, క్లాడెట్ కోల్విన్. ఉద్యమానికి ముఖంగా పనికిరాదన్న పిల్ల, ప్రాణాలకి తెగించి సాక్ష్యం చెప్పడానికి పనికొచ్చింది. మే 11న ఆమె బోనెక్కేసరికి బిడ్డ పుట్టి రెండు నెలలైనా కాలేదు. జూన్‌లో తీర్పు వాళ్ళ వైపు వచ్చింది. నవంబర్ 13న సుప్రీంకోర్టు దాన్ని ఖాయం చేసింది. డిసెంబర్‌లో నల్లవాళ్ళు బస్సుల్లో ముందు సీట్లలో కూర్చున్నారు.

క్లాడెట్‌కి ఆ ఊళ్ళో పని దొరకలేదు. 1958లో న్యూయార్క్ వెళ్ళిపోయి, ఒక వృద్ధాశ్రమంలో నర్సులకి సహాయకురాలిగా ముప్ఫై అయిదేళ్ళు చాకిరీ చేసింది. ఆమె మీదున్న పాత కేసు రికార్డుని కోర్టు చెరిపేసింది 2021లో. అప్పటికి ఆమెకి ఎనభై రెండేళ్ళు.

ఈ వ్యాసం రాయడానికి నేను చాలాకాలం వెనకాడాను. కారణం చెప్పాలి.

పన్నెండేళ్ళ కిందట, నేను పరిశోధన చేస్తున్న రోజుల్లో, స్కాలర్‌షిప్ డబ్బు రాలేదని మా పిల్లలకి మెస్‌లో అన్నం ఆపేశారు. ఖాళీ పళ్ళెం పట్టుకుని మెస్ గుమ్మంలో మొదట కూర్చున్నది ఎంఏ మొదటి సంవత్సరం చెల్లెలు. కూలికి పోయి చదువుకునే పిల్ల. మర్నాడు ప్రెస్‌మీట్ పెట్టాం. ఎవరు మాట్లాడాలన్న చర్చ వచ్చింది. "ఆ పిల్ల వద్దు, నోరు జారుతుంది, విలేకర్ల ముందు బాగోదు" అన్నది నేనే. మైకు నేనే తీసుకున్నాను. పేపర్లో నా ఫోటో వచ్చింది. సాయంత్రం ఆ చెల్లెలు నవ్వుతూనే అడిగింది: "అన్నా, ఆకలైంది నాకు గదా, మాట్లాడింది మీరేంది?" ఏదో చెప్పి తప్పించుకున్నాను.

మాంట్‌గోమరీ నాయకుల మీద వేలెత్తే ముందు నా వైపు చూసుకోవాలి కదా. బయటివాళ్ళు మన చరిత్రని తుడిచేశారని రోజూ అంటాం, అది నిజమే. కొన్ని పేర్లు మన చేతుల్తోనే తుడిచాం. ఇదీ నిజమే. ఇంగ్లీషు వచ్చినవాళ్ళని, చొక్కా నలగనివాళ్ళని, మెత్తగా మాట్లాడేవాళ్ళని ఏరి ముందు నిలబెడతాం. కారంచేడు అనగానే నాయకుల పేర్లు గడగడా చెబుతాం. 1985 జూలైలో ఆ చెరువు దగ్గర బిందె ఎత్తిన మున్నంగి సువార్తమ్మ పేరు నా క్లాసులో ఎంతమందికి తెలుసో అడగండి. నేను అడిగాను. ఇద్దరికి.

విద్యార్థి మిత్రులకి ఒకటే విన్నపం. మీ హాస్టల్లో, మీ పేటలో ఏదైనా పోరాటం జరిగితే, మైకు పట్టుకున్నవాళ్ళ పేరుతో పాటు మొదట కూర్చున్న మనిషి పేరు కూడా రాసి పెట్టండి. తేదీ వెయ్యండి. వాళ్ళు ఏమన్నారో వాళ్ళ మాటల్లోనే రాయండి, సరిదిద్దకండి.

వచ్చే వారం జో ఆన్ రాబిన్సన్ గురించి. పార్క్స్ అరెస్టయిన రాత్రి తన కాలేజీ మిషన్ మీదే వేలకి వేలు కరపత్రాలు తీసిన ఇంగ్లీషు లెక్చరర్ ఆమె. కాలేజీల్లో ఉద్యోగం చేస్తూ భయపడే మాలాంటివాళ్ళం తప్పక చదవాల్సిన జీవితం.

జై భీమ్.