దీర్ఘశాంతం ఎవరిది?

తెలుగు బైబిల్లో ఎదురుచూడడానికి చాలా మాటలున్నాయి. ఓర్పు, సహనం, దీర్ఘశాంతం. వీటన్నిటికంటే నాకు నచ్చేది 'కనిపెట్టుకొని ఉండడం'. బయట కనిపెట్టడమంటే కొత్తదాన్ని తెలుసుకోవడం, లేదంటే పసిపిల్లనో ఇంటినో ఓ కంట చూసుకోవడం. చర్చిలో మాత్రం దేవుడి కోసం ఎదురుచూడడం. కళ్లు మూతపడకుండా చూడడం అన్నమాట. నెల్లూరు, ఒంగోలు బాప్టిస్టుల చరిత్ర చదువుతున్నప్పుడల్లా నాకు ఈ మాటే గుర్తొస్తుంది. ఎవరు ఎవరి కోసం కనిపెట్టుకుని ఉన్నారో తేల్చడం మాత్రం అంత తేలిక కాదు.

మిషన్ పుస్తకాల్లో ఈ ఓర్పు మిషనరీలదే. అమెరికన్ బాప్టిస్టు శామ్యూల్ డే 1836లో ఇండియాకి వచ్చి, 1840లో నెల్లూరులో స్థిరపడ్డాడు. ఏళ్లు గడిచినా సంఘంలో చేరినవాళ్లని వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. అదే సంస్థ పంపినవాళ్ల దగ్గర బర్మాలో కరెన్లు వేలల్లో చేరుతున్నారు. అమెరికాలో లెక్కలు చూసేవాళ్లకి ఏం అనిపిస్తుంది? నెల్లూరు మూసేద్దాం అనే. ఈ మాట ఒకసారి కాదు, మళ్లీ మళ్లీ వచ్చింది. 1853లో ఆల్బనీలో జరిగిన సభలో ఒక వక్త నెల్లూరుని ఒంటరి నక్షత్రం అన్నాడు. దాన్ని పట్టుకుని శామ్యూల్ ఫ్రాన్సిస్ స్మిత్ ఓ కవిత రాశాడు. అది విన్నాక సభ మనసు మారింది. 'లోన్ స్టార్ మిషన్' అనే పేరు అలా వచ్చింది. కవిత వల్ల బడ్జెట్ నిలబడిన సందర్భాలు లోకంలో ఇంకెన్ని ఉన్నాయో!

ఆ కబురు అటుంచితే, 1854 జనవరి 1న తెల్లవారుజామున లైమన్ జ్యూయెట్ దంపతులు ముగ్గురు తెలుగు క్రైస్తవులతో కలిసి ఒంగోలు పక్కనున్న కొండెక్కి ప్రార్థన చేశారు. ఇప్పటికీ అది ప్రార్థన కొండే. 1860ల్లో బోర్డు మళ్లీ మూసేద్దామంటే, సాయం చెయ్యకపోయినా నేను తిరిగి వెళ్తానన్నాడు జ్యూయెట్. ఆయనతో పాటు 1865లో వచ్చినవాడు జాన్ క్లౌ.

ఇక్కడితో ఆపితే ఇది తెల్లదొరల ఓర్పు కథ. నాకు ఆసక్తి కలిగించేది రెండో వైపు.

1866లో క్లౌ దగ్గరికి వచ్చిన యెర్రగుంట్ల పేరయ్య మాదిగ, తోళ్ల వ్యాపారి. మాదిగల గురించి ఎమ్మా రౌషెన్‌బుష్ క్లౌ 1899లో ఒక పుస్తకం రాసింది, 'వైల్ సూయింగ్ శాండల్స్' అని. అందులో చూస్తే, పేరయ్య అప్పటికే రాజయోగం నేర్చుకున్న మనిషి, విగ్రహాలకి మొక్కడం మానేసినవాడు. అంటే దొర వచ్చి ఆయన్ని నిద్రలేపలేదు. ఆయనే చాన్నాళ్లుగా మెలకువగా వెతుక్కుంటున్నాడు. 1867 జనవరి 1న ఒంగోలు సంఘం ఎనిమిది మందితో మొదలైంది.

చేరినవాళ్లకి క్లౌ మూడు షరతులు పెట్టాడు. ఆదివారం పని చెయ్యకూడదు, చచ్చిన గొడ్డు మాంసం తినకూడదు, విగ్రహాలని పూజించకూడదు. వినడానికి చిన్నవే. కానీ ఊళ్లో మాదిగ బతుకంతా వీటి చుట్టూనే ఉంది. జాతరలో డప్పు కొట్టనంటే, ఆసామి పిలిచినప్పుడు ఆదివారం రానంటే ఊరుకుంటారా? నీళ్లు ఆపారు, పని ఆపారు, దొంగ కేసులు పెట్టారు. తరతరాలుగా ఊరు వాళ్లకి నేర్పిన ఓర్పు ఒకటుంది, నోరు మూసుకుని పడి ఉండడం. ఇది అది కాదు. ఒక పని మానేసి, దానివల్ల వచ్చేదాన్ని భరించడం. రెండిటికీ ఒకే మాట వాడడం మన భాష చేసిన అన్యాయం అనిపిస్తుంది నాకు.

తర్వాత 1876-78 కరువు, దాని వెంటే కలరా. వాన ఎప్పుడు పడుతుందో, ఎవరు మిగులుతారో తెలియని రోజులు. క్లౌకి సర్వే పని వచ్చు. బకింగ్‌హామ్ కాలవలో మూడున్నర మైళ్లు కాంట్రాక్టు తీసుకున్నాడు. బోధకులే మేస్త్రీలు. మట్టి మోసేవాళ్లు పని మధ్యలో కూర్చున్నప్పుడు వాళ్లకి ఏసు కథ చెప్పేవారు. వేలమంది బాప్తిస్మం అడిగారు. క్లౌ ఒప్పుకోలేదు. అన్నం కోసం చేరారన్న మాట రాకూడదని దాదాపు పదిహేను నెలలు ఎవరికీ ఇవ్వలేదు.

ఈ నిర్ణయం దగ్గర నేను చాలాసార్లు ఆగాను. దొర వైపు నుంచి చూస్తే నిజాయితీ. కానీ ముప్ఫై ఏళ్లు జనం కోసం ఎదురుచూసిన మిషన్, జనం వచ్చిననాడు మీరు ఆగండి అంది. బోర్డుకీ లోకానికీ సాక్ష్యం చూపించాల్సిన బరువు ఆకలితో ఉన్నవాళ్ల మీద పడింది. ఆ పదిహేను నెలల్లో పోయినవాళ్లలో అడిగి ఆగినవాళ్లూ ఉండే ఉంటారు. నమ్మినవాళ్లకి అది చిన్న విషయం కాదు.

1878 జూన్‌లో గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లిలో జనం గుమిగూడారు. డబ్బులు ఇక లేవు, ఇళ్లకి వెళ్లండి అని క్లౌ చెప్పాడు. వాళ్లు కదల్లేదు. బొబ్బలెక్కిన అరచేతులు చూపించి, కష్టపడే తిన్నాం, మాకు డబ్బొద్దు, బాప్తిస్మం ఇవ్వమన్నారు. బోధకులు ఒక్కొక్కరినీ ప్రశ్నలు అడిగి పేర్లు రాసుకున్నారు. జులై 3న ఒక్కరోజే 2,222 మంది. ఆ ఏడాది చివరికి 9,606.

ఆ రోజు క్లౌ నీళ్లలోకి దిగలేదు. ఆరుగురు తెలుగు బోధకులు, ఇద్దరిద్దరు చొప్పున వంతులేసుకున్నారు. పొద్దున్నే మొదలుపెట్టి, మధ్యాహ్నం ఎండకి కాసేపు ఆపి, మళ్లీ సాయంత్రం దాకా. కాలవ పనికి అలవాటైన వేళలే. ఊరి బావి దగ్గర చేద ముట్టనివ్వని మనుషులు రెండువేల మంది తమ పేరు పిలిచేదాకా నిలబడ్డారు.