ప్రాసిక్యూటరు బల్ల నుంచి న్యాయపీఠం దాకా



కోయంబత్తూరులో ఆర్.ఎస్. పురం అంటే రత్నసభాపతి పురం. పురపాలక సంఘానికి అధ్యక్షులుగా పనిచేసిన రత్నసభాపతి మొదలియారు గారి పేరు మీద వెలసిన పేట అది. ఇక్కడా, మదురైలోనూ తరతరాలుగా స్థిరపడిన మన తెలుగువారికి ఇంట్లో తెలుగు, అంగడిలో తమిళం. పెద్ద కోర్టుకు వెళ్ళవలసి వస్తే మాత్రం ఒకప్పుడు ఆంధ్ర జిల్లాల వారికీ మనకూ గడప ఒక్కటే. అది మద్రాసు హైకోర్టు. 1940లలో ఆ గడప తొక్కి వకీలు వృత్తిలో చేరిన అనంతపురం జిల్లా యువకుడు ఒకరు, తర్వాతి కాలంలో తమిళనాడు ఖైదీ ఒకరి ప్రాణం మీద తీర్పు చెప్పవలసి వచ్చింది. ఆయనే జస్టిస్ ఓ. చిన్నప్పరెడ్డి గారు.

1937 నుంచి మన దేశంలో ఫెడరల్ కోర్టు ఉండేది. 1950లో రాజ్యాంగం అమలులోకి వచ్చాక దాని స్థానాన్ని సుప్రీంకోర్టు తీసుకుంది. ఆ పీఠం ఎక్కినవారిలో చాలామంది సివిలు దావాలలోనో, రాజ్యాంగ వ్యవహారాలలోనో పేరు తెచ్చుకున్న వకీళ్ళు. చిన్నప్పరెడ్డి గారి దారి వేరు. 1954లో గుంటూరులో ఆంధ్ర హైకోర్టు ఏర్పడింది. 1956లో అది హైదరాబాదుకు తరలింది. అక్కడ 1960 నుంచి 1966 దాకా ఆయన ఆంధ్రప్రదేశ్ రాష్ట్రానికి పబ్లిక్ ప్రాసిక్యూటరుగా ఉన్నారు.

ఈ పి.పి. గారి పని ఏమిటో కాస్త చెప్పుకోవాలి. సెషన్స్ జడ్జి ఉరిశిక్ష వేసినంత మాత్రాన దాన్ని అమలు జరపడానికి వీలు లేదు. హైకోర్టు ఖాయపరచాలి. ఆ రికార్డంతా హైకోర్టుకు వస్తుంది. ఖైదీ తరఫున ఒక వకీలు వాదిస్తే, రాష్ట్రం తరఫున వాదించవలసినది పి.పి. గారి కార్యాలయమే. అయితే ముద్దాయికి ఎలాగైనా శిక్ష వేయించడం ఆయన ధర్మం కాదు. ముద్దాయికి అనుకూలమైన సాక్ష్యం ఉంటే దాన్ని కూడా కోర్టు ముందు పెట్టాలి. సర్కారు జీతం తీసుకుంటూ సర్కారు తప్పును దాచకుండా ఉండడం ఆ ఉద్యోగంలోని కష్టం.

1967లో ఆయన హైకోర్టు న్యాయమూర్తి అయ్యారు. 1976లో, ఎమర్జెన్సీ రోజులలో, దేశంలో 16 మంది హైకోర్టు న్యాయమూర్తులను ఇతర రాష్ట్రాలకు బదిలీ చేశారు. వారిలో చిన్నప్పరెడ్డి గారు ఒకరు. హైదరాబాదు నుంచి పంజాబ్, హర్యానా హైకోర్టుకు వెళ్ళారు. 1978 జూలైలో సుప్రీంకోర్టుకు వచ్చారు.

ఇక ఆ ఖైదీ సంగతి. పేరు వదీశ్వరన్. అతడూ అతడి ముఠా కస్టమ్స్ అధికారులమని చెప్పి, మద్రాసుకు వచ్చిన వారిని విచారణ నెపంతో తీసుకుపోయేవారు. నిద్రమాత్రలు ఇచ్చి, డబ్బూ నగలూ దోచుకుని చంపేసేవారు. ఆ కుట్రకు మెదడు ఇతడేనని సెషన్స్ జడ్జి తేల్చారు. 1975 జనవరిలో ఉరిశిక్ష పడింది. ఎనిమిదేళ్ళు గడిచినా అది అమలు కాలేదు. అంతకాలమూ అతణ్ణి ఒంటరి కొట్టులో ఉంచారు.

1983 ఫిబ్రవరిలో చిన్నప్పరెడ్డి గారూ, జస్టిస్ ఆర్.బి. మిశ్రా గారూ ఈ కేసు తీర్పు చెప్పారు. నేరం ఘోరమైనదన్న మాటను వారు దాచలేదు. ఖైదీ మంచివాడని అనలేదు. వారు వేసుకున్న ప్రశ్న ఒక్కటే. ఈ రోజా, రేపా అని ఏళ్ళ తరబడి చావు కోసం ఎదురుచూసిన మనిషిని ఆ తర్వాత ఉరి తీయడం, రాజ్యాంగం 21వ అధికరణం కోరే న్యాయమైన పద్ధతి అవుతుందా? కాదన్నారు. శిక్ష పడ్డాక రెండేళ్ళకు మించి జాప్యం జరిగితే ఖైదీ యావజ్జీవ శిక్షకు మార్చమని కోరవచ్చునన్నారు. వదీశ్వరన్ ఉరి తప్పింది.

ఆ తీర్పు ఉన్నదున్నట్టుగా నిలవలేదు. అదే ఏడాది మార్చిలో మరొక ధర్మాసనం రెండేళ్ళ లెక్క సరికాదంది. 1988లో త్రివేణిబెన్ కేసులో ఐదుగురు న్యాయమూర్తులు కూడా గడువు ఇంత అని గీత గీయలేమన్నారు. హతుల కుటుంబాలు ఏమనుకుంటాయి, కావాలని పిటిషన్లు వేస్తూ కాలయాపన చేసేవారి మాటేమిటి అని అడిగేవారి ప్రశ్నలలోనూ బలం ఉంది. కాని జాప్యం ఒక బాధే, దాన్ని కోర్టు లెక్కలోకి తీసుకోవాలి అన్న మూలసూత్రం మాత్రం చావలేదు. 1993లో జమైకా ఖైదీల కేసులో లండన్ ప్రీవీ కౌన్సిల్ ఐదేళ్ళ గడువు ప్రమాణాన్ని చెప్పింది. 2014 జనవరిలో మన సుప్రీంకోర్టు 15 మంది ఖైదీల ఉరిశిక్షలను యావజ్జీవంగా మార్చింది. వారిలో ఎక్కువమంది విషయంలో కారణం, క్షమాభిక్ష అర్జీల మీద ఏళ్ళ తరబడి జరిగిన ఆలస్యమే. ఆ ధర్మాసనానికి అధ్యక్షత వహించిన ప్రధాన న్యాయమూర్తి పి. సదాశివం గారు మన పక్కనున్న భవాని ప్రాంతం వారు. ఆయనా ఒకప్పుడు మద్రాసు హైకోర్టులో సర్కారు వకీలే.

చిన్నప్పరెడ్డి గారి మరొక తీర్పు, పాలక్కాడు కనుమ దాటితే వచ్చే కేరళకు సంబంధించినది. 1985లో యెహోవా సాక్షుల మతానికి చెందిన ముగ్గురు పిల్లలను బడి నుంచి పంపివేశారు. జాతీయగీతం పాడేటప్పుడు వారు మర్యాదగా లేచి నిలబడేవారు. కాని పాడేవారు కారు. తమ మతం ఒప్పదన్నారు. 1986 ఆగస్టులో ఆయనా, జస్టిస్ ఎం.ఎం. దత్ గారూ ఆ పిల్లలను తిరిగి బడిలో చేర్చుకోమన్నారు. పాడి తీరాలని చెప్పే చట్టం ఏదీ లేదు, నిలబడడమే గౌరవం అని వారి తీర్పు. దేశభక్తి పేరు చెప్పి ఒక అధికారి ఇచ్చిన ఉత్తరువు కూడా చట్టానికి లోబడవలసిందే.

ఈ రెండు తీర్పులలోనూ కోర్టుకెక్కినవారు జనాదరణ ఉన్నవారు కారు. ఒకడు హంతకుడు. మిగిలినవారు చిన్న మతానికి చెందిన పసిపిల్లలు. సర్కారు పక్షాన ఆరేళ్ళు నిలబడిన మనిషికి సర్కారు బలం ఎంతో బాగా తెలుసు. ఆ బలం ముందు ఒంటరిగా నిలిచినవాడి మాట వినడానికి ఎంత ఓపిక కావాలో కూడా తెలిసి ఉండాలి.

చిన్నప్పరెడ్డి గారు 1987 సెప్టెంబరులో పదవీ విరమణ చేశారు. 2013 ఏప్రిల్‌లో కన్నుమూశారు. మన పిల్లల్లో లా చదివేవారు ఈనాడు ఎందరో ఉన్నారు. వారిలో ఎవరికైనా రేపు పి.పి. ఉద్యోగం రావచ్చు. వారు ఆ తీర్పులను ఒకసారి తీసి చదవడం మంచిది. రాష్ట్రం గెలవడం వేరు, న్యాయం గెలవడం వేరు అని అవి తెలియజేస్తాయి.